అడవికి లెక్క చెప్పిన దేశం

పిల్లలూ! లెక్కల పరీక్షలో జవాబు ఒక్కటే రాసి, అది ఎలా వచ్చిందో చూపకపోతే ఉపాధ్యాయుడు పూర్తి మార్కులు వేయడు. జవాబు సరి అయినదే కావచ్చు. కాని అది లెక్క చేస్తే వచ్చిందా, పక్కవాడి కాగితంలో నుంచి వచ్చిందా అన్నది ఎలా తెలుస్తుంది? ప్రపంచంలోని దేశాలు ఇప్పుడు ఇటువంటి లెక్కే ఒకటి చేసి చూపుతున్నవి. అది అడవుల లెక్క.

చెట్టు గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చి, అందులోని కర్బనాన్ని తన మానులో, కొమ్మలలో, వేళ్లలో దాచుకుంటుంది. ఎండిన కలప బరువులో దాదాపు సగం కర్బనమే. వెయ్యి కిలోల ఎండు కలపను తగలబెడితే, సుమారు 1,700 కిలోల బొగ్గుపులుసు వాయువు గాలిలో కలుస్తుంది. వెయ్యి కిలోలలో నుంచి పదిహేడు వందలు ఎలా వచ్చాయని మీరు అడగవచ్చు. కాలేటప్పుడు కర్బనం గాలిలోని ప్రాణవాయువుతో కలుస్తుంది. ఆ బరువు కూడా చేరుతుందన్నమాట.

ఈ వాయువు ఎక్కువైన కొద్దీ భూమి వేడెక్కుతుంది. అందుచేత 2015లో పారిస్ నగరంలో దేశాలన్నీ కూడి ఒక ఒప్పందానికి వచ్చినవి. దాని ప్రకారం ప్రతి దేశమూ రెండేళ్లకొకసారి తన లెక్కను అందరి ఎదుటా పెట్టాలి. మొదటి నివేదికలకు గడువు 2024 డిసెంబరు. మరీ పేద దేశాలకూ చిన్న ద్వీపాలకూ కొంత వెసులుబాటు ఉన్నది.

అడవిని లెక్కపెట్టడం సులభమనుకోకండి. అసలు అడవి అంటే ఏది? మన దేశపు లెక్కలో ఒక హెక్టారు, అంటే సుమారు రెండున్నర ఎకరాల నేలలో, పదో వంతు మీద చెట్ల కొమ్మలు పరచుకొని ఉంటే చాలు. దక్షిణ అమెరికాలోని గయానా దేశంలో నూటికి 30 వంతులు ఉండాలి. నూటికి 20 వంతులు ఉన్న తోపు ఇక్కడ లెక్కలోకి వస్తుంది, అక్కడ రాదు! ఇందులో ఎవరూ అబద్ధమాడలేదు. అయితే ఎవరి కొలత ఏమిటో ముందుగా చెప్పకపోతే, ఆ అంకెలకు అర్థమే ఉండదు.

గయానా పేరు మనకు బొత్తిగా కొత్తది కాదు. 19వ శతాబ్దంలో అక్కడి చెరకు తోటలకు మదరాసు రేవు నుంచి ఓడలెక్కిన కూలీలలో తెలుగువారు కూడా ఉన్నారు. ఆ దేశంలో నూటికి సుమారు 85 వంతుల నేల అడవే. ఆ అడవి నేలలో బంగారం ఉన్నది. బంగారం కోసం తవ్వితే కొందరికి కూడు దొరుకుతుంది, కాని చెట్లు పోతవి.

2009లో నార్వే దేశం గయానాతో ఒక ఒప్పందం చేసుకున్నది. గయానా అడవిని కాపాడితే నార్వే 25 కోట్ల డాలర్ల దాకా ఇస్తుంది. అయితే కాపాడినట్టు రుజువేది? అందుకని ఆకాశంలోని ఉపగ్రహాలు తీసిన చిత్రాలతో ఏటా అడవిని కొలిచారు. ఆ లెక్కను బయటివారు వచ్చి సరిచూశారు. తరువాత దానిని అందరికీ ప్రకటించారు. అడవిలో ఉండే మకుషి జాతి యువకులు కూడా సెల్‌ఫోన్లు పట్టుకొని, తమ ఊళ్ల చుట్టూ ఉన్న అడవి వివరాలు సేకరించారు.

అసలు పరీక్ష 2012లో వచ్చింది. ఆ ఏడు బంగారు గనుల వల్ల అడవి నష్టం పెరిగి 0.079 శాతానికి చేరింది. అంటే పదివేల ఎకరాలలో సుమారు ఎనిమిది ఎకరాలు పోయినవన్నమాట. ఒప్పందం ప్రకారం నష్టం పెరిగిన కొద్దీ సొమ్ము తగ్గుతుంది. 0.1 శాతానికి చేరితే అసలు రాదు. ఆ సంగతి తెలిసి కూడా గయానా ఆ అంకెను దాచలేదు. ఇటువంటి అంకెను చెప్పిన దేశం, మరొక ఏడు నష్టం తగ్గిందని చెబితే మనం నమ్మవచ్చు.

అన్ని దేశాలకూ ఈ పని ఒంటరిగా చేతకాదు. పని నేర్చినవారు తక్కువ, పరికరాలు తక్కువ. పాత కాగితాలు ఒక్కొక్కటి ఒక్కొక్క కచేరీలో పడి ఉంటవి. అందుకే ఐక్యరాజ్య సమితికి చెందిన ఆహార, వ్యవసాయ సంస్థ పేద దేశాల అటవీ ఉద్యోగులకు ఈ విద్య నేర్పుతున్నది. లెక్క చేసే కంప్యూటరు సాధనాలను ఉచితంగా ఇస్తున్నది. అమెరికా వారి లాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాలు 2008 నుంచి ఎవరికైనా ఉచితమే. అయితే పరాయివారు వచ్చి లెక్క కట్టి ఇచ్చి పోతే లాభం లేదు. ఆ దేశపు బిడ్డలే నేర్చుకోవాలి. అప్పుడే మరుసటి ఏడు కూడా లెక్క సాగుతుంది.

మీరు కూడా ఈ పని చేసి చూడండి. మీ బడిలోని వేపచెట్టుకు, నేల నుంచి 130 సెంటీమీటర్ల ఎత్తున, టేపు చుట్టి కొలవండి. వచ్చినదానిని 3.14 చేత భాగిస్తే మాను అడ్డకొలత తెలుస్తుంది. చుట్టుకొలత 157 సెంటీమీటర్లయితే అడ్డకొలత 50. తేదీ, కొలిచిన ఎత్తు, వచ్చిన అంకె పుస్తకంలో రాయండి. మీ అంకె చూపకుండా మీ స్నేహితుని చేత మళ్లీ కొలిపించండి. రెండూ కలవకపోతే దిద్ది దాచకండి. రెండూ రాసి, తేడా ఎందుకు వచ్చిందో ఇద్దరూ కలిసి వెతకండి. వచ్చే ఏడు అదే నెలలో, అదే ఎత్తున, మళ్లీ కొలవండి. చెట్టు ఎంత పెరిగిందో అప్పుడు మీకే తెలుస్తుంది.