వెబ్‌సైట్ నావిగేషన్ పరీక్షకు ప్రణాళిక: డిజిటల్ గ్రంథాలయం ఉదాహరణగా

ఉపోద్ఘాతం:
డిజిటల్ గ్రంథాలయంలో ఉండి కూడా పాఠకునికి దొరకని పుస్తకం లేనిదానితో సమానం. ఇందుకు కారణం చాలాసార్లు విభాగాల అమరికలోనూ, వాటికి పెట్టిన పేర్లలోనూ ఉంటుంది. ఈ అమరికనే నావిగేషన్ నిర్మాణం అంటారు. దీనిని పాఠకులతో పరీక్షించే ముందు నిర్ణయించుకోవలసిన అంశాలను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పరీక్షా లక్ష్యం:
ఐఎస్ఓ 9241-11 ప్రమాణం వినియోగ సౌలభ్యాన్ని ఫలసిద్ధి, సామర్థ్యం, సంతృప్తి అనే మూడు అంశాలతో నిర్వచించింది. వాటిని నిర్దిష్ట వినియోగదారులకు, లక్ష్యాలకు, సందర్భానికి అన్వయించి చూడాలని పేర్కొన్నది. కనుక “సైట్ బాగుందా?” అనేది పరీక్షకు తగిన ప్రశ్న కాదు. “డిగ్రీ విద్యార్థి తనకు కావలసిన యాత్రాగ్రంథాన్ని దారి తప్పకుండా చేరుకోగలుగుతున్నాడా?” అనేది తగిన ప్రశ్న.

పద్ధతి ఎంపిక:
విభాగాలు ఇంకా ఏర్పడనప్పుడు కార్డ్ సార్టింగ్ ఉపయోగపడుతుంది. ఇందులో పుస్తకాల పేర్లున్న కార్డులను పాఠకులే తమకు తోచిన వర్గాలుగా పేరుస్తారు. విభాగాలు ఏర్పడిన తరువాత ట్రీ టెస్టింగ్ చేయాలి. ఇందులో రంగులు, బొమ్మలు, వెతుకుపెట్టె ఉండవు. విభాగాల పేర్లు మాత్రమే అంచెలంచెలుగా కనిపిస్తాయి. అందువల్ల లోపం నిర్మాణానిదా, పుట రూపకల్పనదా అన్న సందిగ్ధత తొలగుతుంది.

ప్రశ్నల రూపకల్పన:
పరీక్ష విలువ ప్రధానంగా ప్రశ్నల మాటల మీద ఆధారపడుతుంది. ఏనుగుల వీరాస్వామయ్య ‘కాశీయాత్ర చరిత్ర’ను ఉదాహరణగా తీసుకుందాం. ఈ పేరునే ప్రశ్నలో ఇస్తే ‘యాత్ర’ అన్న మాట కొందరిని యాత్రాసాహిత్య విభాగానికీ, ‘చరిత్ర’ అన్న మాట మరికొందరిని చరిత్ర విభాగానికీ నడిపిస్తుంది. అప్పుడు మనం పరీక్షించేది పదసామ్యాన్నే. దానికి బదులు “1830-31లో మద్రాసు నుండి కాశీకి వెళ్ళివచ్చిన వ్యక్తి దారిలో తాను చూసిన విశేషాలను రాసిన పుస్తకం కావాలి” అని అడగాలి. ఏ విభాగాన్ని సరైన సమాధానంగా అంగీకరించాలో ముందే రాసిపెట్టుకోవాలి. పాల్గొనేవారు పరీక్ష సాగేకొద్దీ అమరికను నేర్చుకుంటారు కనుక ప్రశ్నల వరుసను ఒక్కొక్కరికి మార్చాలి.

పాల్గొనేవారు:
సాహిత్య పరిశోధకులనే ఎంచుకుంటే ఫలితం ఏకపక్షమవుతుంది. ప్రక్రియల పేర్లు వారికి ముందే పరిచితం. డిగ్రీ విద్యార్థులూ, సాధారణ పాఠకులూ ఉండాలి. ప్రధాన లోపాలను గుర్తించడానికి ఐదుగురు చాలునని జాకోబ్ నీల్సన్ 2000లో సూచించారు. ఆ సూచన లోపాలను కనిపెట్టడానికే గాని శాతాలు లెక్కించడానికి కాదు. ఐదుగురిలో ఒక్కరి సమాధానం మారితే ఫలితం 20 శాతం మారుతుంది. యాభైమందిలో 2 శాతమే.

ఫలితాల విశ్లేషణ:
ఎందరు గమ్యం చేరారన్నదానితో పాటు, వెనక్కి తిరగకుండా చేరినవారెందరు, మొదట ఏ విభాగాన్ని తెరిచారు అన్నవి నమోదు చేయాలి. ఎక్కువమంది ఒకే తప్పు విభాగానికి వెళ్ళారంటే ఆ దారి వారికి సహజంగా తోచిందన్నమాట. అప్పుడు విభాగం పేరు మార్చాలి, లేదా పుస్తకాన్ని రెండు చోట్లా చూపాలి.

ముగింపు:
నావిగేషన్ పరీక్ష పాఠకుని తెలివిని కొలిచేది కాదు. మన వర్గీకరణను కొలిచేది. పై నిర్ణయాలు పరీక్షకు ముందే లిఖితరూపంలో ఉంటే, ఫలితం మన అభిప్రాయానికి అనుకూలంగా లేకపోయినా దానిని అంగీకరించవలసి వస్తుంది. ప్రణాళిక ప్రయోజనం అదే.