ఒక్క డబ్బాలో నాలుగు కంప్యూటర్లు ఎలా?

శంషాబాద్ విమానాశ్రయం చుట్టుపక్కల ఫ్యాబ్ సిటీలో, చందన్‌వెల్లిలో అమెజాన్ డేటా సెంటర్లున్నాయి. 2022 నవంబరులో ఆ సంస్థ హైదరాబాద్ క్లౌడ్ సేవలు మొదలయ్యాయి. అక్కడ అద్దెకిచ్చే కంప్యూటర్లలో చాలావాటికి సొంత పెట్టే ఉండదు! పెద్ద ఇంటిని పోర్షన్లు చేసి అద్దెకిచ్చినట్టు, ఒక్కో సర్వర్‌ను పలు వర్చువల్ మెషీన్లుగా పంచుతారు. ఒక పోర్షన్ పాడైనా పక్కది మామూలుగానే నడుస్తుంది. పంచిపెట్టే సాఫ్ట్‌వేర్ పేరు హైపర్‌వైజర్.

ఇది ఇంట్లో కుదురుతుందా? భేషుగ్గా. మినీ పీసీ అనే చిన్న కంప్యూటర్ చాలు. ఈ కిటుకు కొత్తదేమీ కాదు: ఐబీఎం 1960ల్లోనే భారీ యంత్రాలపై ఈ పని చేసింది. 2005లో ఇంటెల్ తన ప్రాసెసర్లలోనే ఇందుకు ఏర్పాటు పెట్టింది. 2007లో లినక్స్‌లోకి కేవీఎం అనే హైపర్‌వైజర్ వచ్చింది. ఉచితంగా దొరికే ప్రాక్స్‌మాక్స్ అనే సాఫ్ట్‌వేర్ దాన్నే వాడుకుంటుంది.

ఎలా? ముందు మినీ పీసీ బయోస్ సెట్టింగుల్లో వర్చువలైజేషన్ ఆన్ చేయండి. పెన్‌డ్రైవ్‌తో ప్రాక్స్‌మాక్స్ ఎక్కించండి. డిస్క్‌లో పాతవన్నీ చెరిగిపోతాయి, జాగ్రత్త! తర్వాత ఆ పీసీకి మానిటర్ కూడా అక్కర్లేదు. మరో కంప్యూటర్ బ్రౌజర్‌లోంచే ఫొటోలకొక మెషీన్, కోడింగ్ ప్రయోగాలకొకటి తయారుచేయొచ్చు. ప్రయోగానికి ముందు స్నాప్‌షాట్ తీస్తే, ఎంత చెడగొట్టినా ఒక్క క్లిక్‌తో పాత స్థితికి వస్తుంది. అసలు మజా ఇదే! ప్రాసెసర్ కంటే ముందు చాలకుండా పోయేది ర్యామ్. 16 జీబీ ఉంటే మంచిది.

కరెంటు సంగతా? సగటున 10 వాట్లు తీసుకుంటే, రాత్రింబవళ్లు నడిచినా నెలకు 7.2 యూనిట్లే. ఫొటోల నకలు మాత్రం వేరే డిస్క్‌లో దాచుకోండి. డబ్బాలోని డిస్క్ పోతే అన్ని మెషీన్లూ ఒకేసారి పోతాయి.