ఏ మందు మేలు?

విద్యార్థులారా! గోదావరీ తీరమందలి మంథనిలో నా బాల్యమున ఎవరికైనను కడుపులో మంట పుట్టినచో, కారము మానుమనియు, చింత విడువుమనియు, చల్ల త్రాగుమనియు పెద్దలు చెప్పుచుండిరి. నాటి వైద్యులును ఇంచుమించుగా అట్లే తలంచుచుండిరి. జీర్ణాశయములోని తీక్ష్ణమైన ఆమ్లమున ఏ సూక్ష్మజీవియు నిలువజాలదని వారి నమ్మకము.

ఆ నమ్మకము తలక్రిందులయ్యెను. 1982లో ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరమున రాబిన్ వారెన్, బారీ మార్షల్ అను వైద్యులు రోగుల జీర్ణాశయమునుండి మెలిదిరిగిన సూక్ష్మజీవిని తీసి ప్రయోగశాలలో పెంచిరి. దాని పేరు హెలికోబాక్టర్ పైలోరి. అది తన చుట్టును అమ్మోనియాను పుట్టించి, ఆమ్లపు తీవ్రతను తగ్గించుకొని జీవించును. పలువురు నమ్మనందున 1984లో మార్షల్ ఆ జీవులున్న ద్రవమును తానే త్రాగెను. కొలది దినములకే ఆయన జీర్ణాశయము వాచెను. 2005లో వారిరువురకును నోబెల్ బహుమానము లభించెను. కడుపుమంటలన్నియు దీనివలననే కలుగవు. నొప్పి బిళ్ళలవలనను పుండ్లు పడును. కాని ఈ జీవివలన పడిన పుండు మరల రాకుండవలెనన్న, ఆ జీవిని నిర్మూలింపవలసినదే.

ఇందులకు ఒక్క మందు చాలదు. ఒక పద్ధతిలో ఆమ్లమును తగ్గించు మందుతో అమాక్సిసిలిన్, క్లారిథ్రోమైసిన్ చేర్చి ఇత్తురు. ఇది మూడు మందుల చికిత్స. వేరొకదానిలో ఆమ్లమును తగ్గించు మందుతో బిస్మత్, మెట్రోనిడజోల్, టెట్రాసైక్లిన్ ఇత్తురు. ఇది నాలుగు మందుల చికిత్స. టెట్రాసైక్లిన్ కుటుంబమున మొదటిదైన ఆరియోమైసిన్‌ను 1948లో బెంజమిన్ డగ్గర్ లోకమునకు వెల్లడించెను. అమెరికాలో ఆయన పనిచేసిన లెడర్లీ సంస్థ పరిశోధనలను నడపినవారు భీమవరమున జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు!

ఈ రెంటిలో ఏది మేలు? మంథనిలో ఇద్దరు రోగులున్నారనుకొందము. ఒకరికి మూడు మందులు, ఇంకొకరికి నాలుగు మందులు ఇచ్చితిమి. రెండవవారికి నయమైనంతమాత్రమున నాలుగు మందులే గొప్పవనవచ్చునా? అనరాదు. వయస్సు, రోగబలము, లోనున్న జీవుల మొండితనము ఇద్దరియందును ఒక్కటి కాకపోవచ్చును. కావున వందలకొలది రోగులను చీట్లు వేసినట్లు రెండు జట్లుగా విభజింతురు. వికారముచేత నడుమ మందు మానినవారినిగూడ లెక్కలో ఉంచుకొందురు. లేనిచో మింగుటకు కష్టమైన మందుకూడ మేలైనదిగా కనబడును. మందు ముగిసిన వెంటనే పరీక్షింపరు. అణగియున్న జీవులు మరల పెరుగునేమో యని కనీసము నాలుగు వారములు వేచి, ఊపిరి పరీక్ష చేయుదురు.

ఇట్టి పోలికలవలన ఫలితము ప్రాంతమునుబట్టి మారునని తేలెను. నూటికి పదునైదు పాళ్ళకంటె ఎక్కువగా క్లారిథ్రోమైసిన్‌కు లొంగని జీవులున్న చోట, పరీక్షింపక ఆ మూడు మందుల చికిత్స ఈయరాదని నిపుణుల మతము. అట్టిచోట బిస్మత్‌తో కూడిన నాలుగు మందులు మేలు. కాని వాటిలో బిళ్ళలు పెక్కు. పది మొదలు పదునాలుగు దినములవరకు తప్పక మింగవలెను.

బాలలారా! మంట తగ్గినదని నాలుగవనాడే బిళ్ళలు మానుట మన యిండ్లలో తరచుగా చూచుచుందుము. మంట తగ్గుట వేరు, జీవి నశించుట వేరు. మిగిలిన జీవులు మందునకు మొండియై, మరల దానికి లొంగకపోవచ్చును. నేడు మేలని తేలిన మందు రేపును మేలుగా నుండుట, దానిని వైద్యుడు చెప్పినట్లు కడవరకు వాడు రోగిపై కూడ ఆధారపడియున్నది. మీ యింట ఎవరైన నడుమ మందు మానబోయినచో ఈ మాట చెప్పుడు.