డిచ్‌పల్లి పరిచర్య: విసుగని కనికరము



ప్రభువు కనికరపడి కుష్ఠరోగిని ముట్టిన సంగతి మార్కు సువార్త మొదటి అధ్యాయంలో చదువుతాము. అక్కడ స్వస్థత వెంటనే కలిగింది. మన దేశంలో ఈ రోగులకు సేవచేసిన మిషన్ వైద్యులకు అలా జరగలేదు. వారి చేతిలోని మందు చాలా నెమ్మదిగా పనిచేసేది, కొందరికి పనిచేసేదే కాదు. జాలితో మొదలుపెట్టడం ఒక ఎత్తు, ఏళ్ల తరబడి నిలబడడం మరో ఎత్తు.

స్కాట్లాండుకు చెందిన డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త రెవ. జార్జి కెర్ 1907లో వెస్లియన్ మెథడిస్టు మిషన్ తరఫున నిజాం రాష్ట్రానికి వచ్చారు. నిజామాబాద్ ప్రాంతంలో వైద్యం చేస్తుండగా ఆమె దగ్గరకు కుష్ఠరోగులు వచ్చేవారు. వారిని ఉంచి చూసేందుకు చోటు లేదు. 1915లో డిచ్‌పల్లిలో వారికోసమే ఆసుపత్రి ఆరంభమైంది. అందుకు ధనసహాయం చేసిన నర్సాగౌడ్ గారు హిందువు. ఈ మాట మన సంఘాల్లో తక్కువగా చెప్పుకుంటాము, చెప్పుకోవాలి.

ఆనాటి మందు చాల్‌మోగ్రా నూనె. తాగితే కడుపులో తిప్పి వాంతి వచ్చేది. సూదిగా వేస్తే నొప్పి, వాపు. 1920 ప్రాంతంలో కొంత మెరుగైన సూదిమందు వచ్చినా, దానిని కూడా నెలలు, ఏళ్లు వేయించుకోవాలి. వేసేవారికీ వేయించుకునేవారికీ ఓపిక కావలసిన వైద్యం అది. ఇంట్లోవారే దూరం పెట్టిన మనిషి చేయి పట్టుకొని, పుండు కడిగి, మళ్లీ సూది వేయాలి. డాక్టర్ ఇసబెల్ 1932లో కన్నుమూసేవరకు ఈ పని విడువలేదు.

నేడు మందు మారింది. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన బహుళ ఔషధ చికిత్స వలన రోగం పూర్తిగా నయమవుతుంది. రోగ తీవ్రతనుబట్టి 6 నెలలు లేక 12 నెలలు మాత్రలు వాడాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. 2005 డిసెంబరులో దేశస్థాయిలో ఈ వ్యాధి ప్రజారోగ్య సమస్య కాదని ప్రకటించారు గాని, ఏటా లక్ష వరకు కొత్త రోగులు బయటపడుతూనే ఉన్నారు.

దొంతన్‌పల్లి, చేవెళ్ల, మొయినాబాద్ వైపు కూరగాయల తోటల్లో, పూలతోటల్లో పనిచేసేవారు గమనించండి. పాలిపోయిన లేదా ఎర్రని మచ్చ ఉండి, అక్కడ స్పర్శ తెలియకపోతే పరీక్ష చేయించుకోండి. దురద లేదు, నొప్పి లేదు కదా అని ఊరుకోవద్దు. నొప్పి లేకపోవడమే ఈ వ్యాధి గుర్తు.

మాత్రలు అయిపోయిన తరువాత కూడా పరిచర్య మిగిలే ఉంటుంది. పోయిన స్పర్శ చాలామందికి తిరిగి రాదు. ముల్లు గుచ్చుకున్నా, వేడి గిన్నె కాలినా తెలియదు. రోజూ పాదాలను ఇరవై నిమిషాలు నీళ్లలో నానబెట్టి, గట్టిపడిన చర్మం రుద్ది, నూనె రాయాలి. మెత్తని ఎం.సి.ఆర్. చెప్పులు వేసుకోవాలి. ఒంటరి వృద్ధులకు ఇది రోజూ సాధ్యపడదు. సంఘం నుండి పరామర్శకు వెళ్లేవారు ప్రార్థనచేసి లేచిరాకుండా ఆ పాదాలు ఒకసారి చూడండి. పుండు లేత దశలో మీ కంటబడితే కాలు దక్కుతుంది. పూర్తిగా మందు వాడినవారి నుండి రోగం అంటదు, వారితో కలిసి భోంచేయవచ్చు.

మాత్రలు వాడుతుండగా మచ్చలు ఎర్రగా ఉబ్బినా, నరాలు నొప్పిపుట్టినా, జ్వరంతో గడ్డలు లేచినా మందు పడలేదని ఆపవద్దు. ఆ మాత్రల అట్ట చేతబట్టుకొని అదేరోజు డాక్టరు దగ్గరకు రండి.