బీపీ మాత్రకు రంజాన్ సెలవు లేదు

విశాఖపట్నం పూర్ణా మార్కెట్‌లో ఉల్లిపాయల వ్యాపారం చేసే ఒకాయన మాకు చిరకాలంగా పరిచయం. వయసు యాభై దాటింది. దర్గా కొండ మెట్లు ఆగకుండా ఎక్కేవారు. "నాకు బీపీ ఏమిటి భాయ్, ఏనాడూ తలనొప్పి కూడా ఎరగను" అనేవారు. ఒకసారి మోకాలి నొప్పికని డాక్టరు దగ్గరకు వెళితే బీపీ 168/104 ఉంది. వారం తర్వాత చూసినా దాదాపు అంతే. మాత్ర మొదలుపెట్టారు. రెండు నెలల్లో 130/84కు దిగింది. ఇంతలో రంజాన్ వచ్చింది. బీపీ నార్మల్ అయింది కదా, రోజాల్లో మందులెందుకని ఆయనంతట ఆయనే మానేశారు.

నెల ముగుస్తుండగా ఒకరోజు సహరీ వేళ కుడిచేయి గ్లాసును పట్టలేకపోయింది. మాట ముద్దగా వచ్చింది. ఇంట్లోవాళ్లు నీరసమనుకొని పడుకోబెట్టారు. బాగా పొద్దెక్కాక ఆసుపత్రికి తీసుకెళ్లారు. అల్లాహ్ దయవల్ల ప్రాణం దక్కింది. కానీ ఆ వేళ్లు ఇప్పటికీ నోట్లు లెక్కపెట్టలేవు. గల్లాపెట్టె దగ్గర కొడుకు కూర్చుంటున్నాడు.

ఆయన ఒక్కరిదే తప్పని మేము అనము. ఒంట్లో బాధ లేకపోతే జబ్బు లేదనుకోవడం మన ఇళ్లలో అలవాటు. రక్తపోటు ఏ బాధా పెట్టకుండానే ఏళ్ల తరబడి మెదడు, గుండె, మూత్రపిండాల రక్తనాళాలను దెబ్బతీస్తుంది. కొలిస్తేనే తెలుస్తుంది. ఇక మాత్ర వేసుకున్నాక నార్మల్ వచ్చిందంటే మాత్ర పని చేస్తున్నదని అర్థం. జబ్బు పోయిందని కాదు.

కొలిచే పద్ధతిలోనూ పొరపాట్లు జరుగుతాయి. సంచులు మోసుకొని, ఆటో దిగి, ఆయాసపడుతూ కుర్చీలో కూర్చోగానే చేయి చాపితే బీపీ ఎక్కువే చూపిస్తుంది. అంతకుముందు అరగంట టీ, సిగరెట్టు ఉండకూడదు. మూత్రానికి వెళ్లి వచ్చి, వీపు ఆనించి, పాదాలు నేలమీద ఉంచి, అయిదు నిమిషాలు మౌనంగా కూర్చోవాలి. చేయి గుండె ఎత్తులో ఉండాలి. మన స్త్రీలు బుర్ఖా చేతిమీదుగానే పట్టీ కట్టించుకుంటారు. అలా చూస్తే లెక్క తప్పవచ్చు. నర్సమ్మను అడిగి, తెర చాటున చేయి బయటపెట్టి చూపించుకోవడంలో సిగ్గుపడవలసినది లేదు. సాధారణంగా వేర్వేరు రోజుల్లో చూసినా 140/90 లేదా అంతకు మించి ఉంటేనే డాక్టరు రక్తపోటుగా నిర్ధారిస్తారు. మరీ ఎక్కువగా ఉంటే మాత్రం ఆగరు.

ఇంగ్లీషు మందులు పడవంటూ మూలికల పొడుల వైపు మళ్లేవారికి ఒక సంగతి చెప్పాలి. హకీం అజ్మల్ ఖాన్ ఆదరణ పొందిన శాస్త్రవేత్త సలీముజ్జమాన్ సిద్దీఖీ 1931లో సర్పగంధి వేరు నుంచి ఒక పదార్థాన్ని వేరుచేసి, హకీం గారి పేరిట దానికి అజ్మలిన్ అని పేరు పెట్టారు. అదే వేరు రక్తపోటును తగ్గిస్తుందని బొంబాయి డాక్టరు రుస్తుం జాల్ వకీల్ 1949లో వైద్య పత్రికలో రాశారు. దానినుంచే రిసర్పిన్ మాత్ర పుట్టింది. కొందరిలో అది మనసును కుంగదీసేది. మెరుగైన మందులు వచ్చాక దాని వాడకం తగ్గింది. మూలిక కదా, హాని చేయదులే అనుకోవడానికి వీల్లేదన్నమాట.

ఇక రోజాల విషయం. దైవప్రవక్త (స) వైద్యం చేయించుకోమనే చెప్పారు. రోగులు ఆ రోజాలను తర్వాత పూర్తిచేసుకోవచ్చని దివ్య ఖుర్ఆన్ అల్ బఖరా సూరాలో సడలింపు ఉంది. బీపీ అదుపులో ఉన్నవారిలో చాలామంది రోజా ఉండగలరు. ఆమ్లోడిపిన్ వంటి రోజుకొక్క మాత్రను ఇఫ్తార్ తర్వాతకో సహరీకో మార్చుకోవచ్చు. రెండు పూటల మందులు వాడేవారు, మూత్రం ఎక్కువగా పోయే మాత్రలు వాడేవారు రంజాన్‌కు రెండు మూడు వారాల ముందే డాక్టరును కలవాలి. వేసవి ఉక్కలో ఒంట్లో నీరు తగ్గితే ఆ మాత్రలతో కళ్లు తిరుగుతాయి. బీపీ చూపించుకుంటే రోజా భంగం కాదు.

మార్కెట్‌లో ఎండు నెత్తళ్లు, ఉప్పుచేపలు కొనేటప్పుడు మాకూ నోరూరుతుంది. కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 5 గ్రాములకు లోపే ఉప్పు తినమంటున్నది. అంటే చిన్న చెంచాడు. అందులోనే పచ్చడి, అప్పడం, ఇఫ్తార్ పకోడీ, బిర్యానీ అన్నీ రావాలి. ఎండుచేపను నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి వండితే కొంత ఉప్పు పోతుంది.

మూతి వంకర పోయినా, ఒకవైపు చేయీ కాలూ చచ్చుబడినా, మాట తడబడినా వెంటనే 108కి ఫోన్ చేయాలి. గడ్డ కరిగించే ఇంజెక్షన్ మామూలుగా నాలుగున్నర గంటల లోపే ఇస్తారు. అదీ స్కానింగ్‌లో మెదడులో రక్తస్రావం లేదని తేలితేనే. ఆ వ్యాపారి విషయంలో ఆ గంటలు ఇంట్లోనే గడిచిపోయాయి.

మొన్న జుమా తర్వాత ఆయన కొడుకును మేమే వెంటబెట్టుకొని పట్టణ ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లాము. వయసు ముప్పై రెండు. ఒంట్లో ఏ బాధా లేదన్నాడు. చూస్తే 146/92. వచ్చేవారం మళ్లీ రమ్మన్నారు.