గానుగ గేర్‌బాక్స్‌కి గాజు కిటికీ: రోజూ ఒక్క చూపు చాలు



మనలో చాలామంది పల్లీలు, నువ్వులు పండించి, సొంతంగా చెక్క గానుగ పెట్టుకుని నూనె తీసి అమ్ముతున్నాం. గింజ ఎలా పండించారని కొనేవాళ్లు అడుగుతారు. గానుగ తిప్పే గేర్‌బాక్స్‌లో ఆయిల్ తగ్గుతోందా అని ఎవరూ అడగరు. అది మనమే చూసుకోవాలి. గేర్ ఆయిల్ అంత తేలిగ్గా ఆవిరైపోదు. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే. కింద మరక కనపడితే సరే. గేర్‌బాక్స్ రోలు పైన ఉండే మిషన్లలో అయితే షాఫ్ట్ వెంట జారి మన నూనెలోనో, పశువులకు పెట్టే చెక్కలోనో కలిసే ప్రమాదం ఉంది.

వీడియోలో చూపించిన గుండ్రటి గాజు బిళ్ల అందుకే. షాపుల్లో ఆయిల్ లెవెల్ గ్లాస్ అని అడగండి. డిప్‌స్టిక్ అయితే ప్రతిసారీ తీయాలి, దుమ్ము లోపలికి పోతుంది. గాజు ఉంటే ఏదీ విప్పకుండానే తెలిసిపోతుంది.

ఎలా చూడాలి?

మిషన్ ఆపి పావుగంట ఆగండి. ఆయిల్ కిందికి దిగాక టార్చి వేసి చూడండి. మామూలుగా గాజు మధ్యలో ఉండాలి. మీ మిషన్ మీద గీత వేరేగా ఉంటే దాన్నే పాటించండి. ఒక్కోసారి గాజు మీద పాత ఆయిల్ మరక గీతలా పడి మోసం చేస్తుంది. మిషన్ కాసేపు తిప్పి ఆపండి. నిజమైన లెవెల్ కదులుతుంది, మరక కదలదు.

రంగు ఏం చెబుతుంది?

- పాలలా తెల్లబడితే నీళ్లు కలిశాయి. మిషన్ కడిగేటప్పుడు గాలి రంధ్రం దగ్గర పైపు పెట్టొద్దు.
- బాగా నల్లబడితే వేడెక్కి పాడైంది, మార్చేయాలి.
- పసుపు మెరుపులు కనిపిస్తే లోపలి కంచు చక్రం అరుగుతోంది. వార్మ్ గేర్‌బాక్సుల్లో పెద్ద చక్రం సాధారణంగా కంచుదే ఉంటుంది.
- నురగ వస్తుంటే ఎక్కువ పోశారా, రకం తప్పిందా చూడండి.

పోసేటప్పుడు

మూత చుట్టూ తుడిచాకే విప్పండి. కొంచెం కొంచెంగా పోసి ఆగండి, చిక్కటి ఆయిల్ సర్దుకోడానికి టైం పడుతుంది. వార్మ్ గేర్‌బాక్సులకు 320 లేదా 460 నంబర్ ఆయిల్ ఎక్కువగా వాడతారు. ఆ నంబర్ 40 డిగ్రీల వేడి దగ్గర ఆయిల్ చిక్కదనం. మీ మిషన్ ప్లేటు మీద ఏది ఉంటే అదే పోయాలి. పాలీగ్లైకాల్ రకం సింథటిక్‌ని మామూలు మినరల్ ఆయిల్‌తో కలపకూడదు.

తిండి తయారుచేసే మిషన్లకు హెచ్1 అని ముద్ర ఉన్న ఫుడ్ గ్రేడ్ ఆయిల్ దొరుకుతుంది. పొరపాటున తిండికి తగిలే చోట వాడడానికి తయారుచేసినది. అమెరికా నిబంధనల్లో దానికీ హద్దు ఉంది: తిండిలో 10 పీపీఎం, అంటే కిలోకి 10 మిల్లీగ్రాములు దాటకూడదు. ఫుడ్ గ్రేడ్ అంటే కారినా ఫర్లేదని కాదు. మామూలు గేర్ ఆయిల్ అయితే చుక్క కూడా కలవకూడదు.

కిటికీ లేని గేర్‌బాక్స్ అయితే?

పక్కన లెవెల్ బోల్ట్ ఉంటుంది. దాన్ని విప్పి, అదే మరకి సరిపడే లెవెల్ గ్లాస్‌ని వాషర్ వేసి బిగించండి. పై మూతకి ప్లాస్టిక్ అద్దం కోసి పెట్టుకునేవాళ్లు దాన్ని పెట్రోలుతో, థిన్నర్‌తో తుడవొద్దు, పగుళ్లు వస్తాయి. సబ్బు నీళ్లలో ముంచి పిండిన గుడ్డ చాలు.

ఆయిల్ పోసిన ప్రతిసారీ తేదీ, ఎంత పోశారో గోడ మీదైనా రాసుకోండి. నెలలో రెండుసార్లు పోయాల్సి వచ్చిందంటే మళ్లీ పోసి నడపకండి, ఆయిల్ సీల్ మార్పించండి. ఆ ఆయిల్ ఎటు పోయిందో తేలేవరకు ఆ రోజుల్లో తీసిన నూనె, చెక్క పక్కన పెట్టండి. అమ్మొద్దు, పశువులకూ పెట్టొద్దు. కలిసిందని తేలితే పారబోయాల్సిందే. నష్టమే, కానీ మన మాట నమ్మి పిల్లలకు వండిపెట్టే ఇళ్లకు పోయే నూనె అది.