గాలితుపాకి: గొట్టపు కొలత నెన్నుకొనుట



గాలితుపాకి యనగానే మనలో పెక్కుమందికి తిరునాళ్లలో అట్టకు గ్రుచ్చిన బెలూనుల వరుసయు, డబ్బు పుచ్చుకొని పిల్లవాని చేతికి తుపాకి నందిచ్చు దుకాణదారుడును జ్ఞప్తికి వత్తురు. అచ్చట గుఱి తగిలినను నవ్వే, తప్పినను నవ్వే. బ్రిటను దేశపు పల్లెలలో ఈ తుపాకికే వేరొక పని కలదు. పైరును మేయు కుందేళ్లను, గింజల నేరుకొని పోవు అడవిపావురములను, ధాన్యపు కొట్లలోని ఎలుకలను, లేతచెట్ల బెరడు నొలుచు బూడిదరంగు ఉడుతలను చంపుటకు అచ్చటి రైతులును, వారి యనుమతి బడసిన వేటగాండ్రును దీనిని వాడుదురు. అచ్చట గుఱి తప్పినచో ఒక ప్రాణి గాయముతో బొరియలోనికి దూరి, దినములకొలది బాధపడి చచ్చును. కావున తుపాకి గొట్టము ఎంత వెడల్పుండవలయు నను ప్రశ్న అంగడిలో తేలునది కాదు. అందు కొంత గణితమును, కొంత ధర్మమును కలవు.

ఒక్క మాట ముందే మనవి చేయుదును. మన దేశమున 1972 సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము వేటను నిషేధించినది. మన పొలము గట్టున కుందేలును గాని, చెట్టుపై గువ్వను గాని కొట్టుట నేరము. కావున నా ప్రసంగము ఇచ్చటి వేటకు ఉపదేశము కాదు. బ్రిటనులో కాపురముండి, ఇరుగుపొరుగు రైతులతో కలసి మెలసి తిరుగు తెలుగువారికిని, విషయము నెఱుగ గోరు తక్కినవారికిని ఇది ఉద్దేశింపబడినది.

క్యాలిబరు అనగా గొట్టపు లోపలి వ్యాసము. గాలితుపాకులలో విశేషముగా వాడుకలో నున్నవి రెండు కొలతలు. ఒకటి 0.177 అంగుళము, అనగా 4.5 మిల్లీమీటర్లు. రెండవది 0.22 అంగుళము, అనగా 5.5 మిల్లీమీటర్లు. పలుకుటకు సులభముగా నుండుటకై వీనిని నాలుగున్నర యనియు, అయిదున్నర యనియు పిలుచుకొందము. ఇరువదవ శతాబ్ది తొలినాళ్లలో బర్మింగుహాము స్మాల్ ఆర్మ్సు కంపెనీవారు మొదటిదానికి ఒకటవ బోరు అనియు, రెండవదానికి రెండవ బోరు అనియు పేరిడిరి. ఈ తుపాకులలో వేయు సీసపు గుండును పెల్లెట్టు అందురు. అది గోళివలె గుండ్రముగా నుండక, నడుము సన్నమై డమరుకము పోలికగా నుండును. నాలుగున్నర పెల్లెట్టు సామాన్యముగా అరగ్రాముకు కొంచెము పైన తూగును; అయిదున్నర పెల్లెట్టు ఇంచుమించు ఒక గ్రాము తూగును.

చూచువారికి పెద్ద గొట్టము, పెద్ద గుండు, పెద్ద దెబ్బ యని తోచుట సహజము. కాని బ్రిటను చట్టము ఇచ్చట ఒక గీత గీసినది. ఇంగ్లండు, వేల్సు సీమలలో 1969 నాటి నిబంధనల ప్రకారము, గొట్టపు మూతివద్ద 12 అడుగు-పౌనుల శక్తి, అనగా సుమారు 16.3 జౌళ్ల శక్తి మించిన గాలిరైఫిలు ప్రమాదకర మైనదిగా నెంచబడును. దానికి తుపాకి సర్టిఫికెటు ఉండవలయును. ఈ హద్దునకు లోబడిన రైఫిలునే సామాన్యజనులు వాడుదురు. స్కాట్లండులో 2016 సంవత్సరాంతమునుండి ఈ చిన్న తుపాకులకు సైతము లైసెన్సు కావలయును. హద్దు అన్ని కొలతలకు ఒక్కటే యని గ్రహింపుడు. గొట్టము సన్నమైనను, వెడల్పైనను, మూతివద్ద శక్తి 12 అడుగు-పౌనులకు మించరాదు.

కాబట్టి ఈ రెండు తుపాకులును తండ్రి చేత సమానముగా సొమ్ము పంచుకొనిన ఇద్దరన్నదమ్ముల వంటివి. ఒకడు తన భాగమును వేగమునకు వెచ్చించును. రెండవవాడు బరువునకు వెచ్చించును. బడిలో చదువుకొనిన సూత్రము జ్ఞప్తికి తెచ్చుకొనుడు: గతిశక్తి యనగా ద్రవ్యరాశిని వేగవర్గముచే గుణించి అందు సగము. 16.3 జౌళ్ల శక్తితో 0.54 గ్రాముల గుండు సెకనుకు 245 మీటర్ల వేగముతో వెడలును. అంతే శక్తితో 1.04 గ్రాముల గుండు సెకనుకు 177 మీటర్ల వేగముతోనే వెడలును.

గొట్టము వీడిన క్షణము మొదలు ప్రతి గుండును భూమివైపు జారుచునే యుండును. గాలి యడ్డును లెక్కింపకున్నను, 30 మీటర్లు పోవునప్పటికి గొట్టపు సూటినుండి నాలుగున్నర గుండు 7 సెంటీమీటర్లకు పైగాను, అయిదున్నర గుండు 14 సెంటీమీటర్లును దిగును. శక్తి సమానమైనప్పుడు జారుడు బరువు ననుసరించి పెరుగు నని గణితము తెలుపుచున్నది. బరువు రెట్టింపునకు దగ్గరగా నున్నది. జారుడును రెట్టింపునకు దగ్గరగా నున్నది.

"అయిన నేమి? గొట్టమును కొంచెము పై కెత్తి సరిచేయవచ్చును గదా!" యని మీరనవచ్చును. నిజమే. తుపాకిపైనున్న దుర్భిణిని ఏదో ఒక దూరమునకు, 30 మీటర్లకే యనుకొందము, సరిగా తగులునట్లు అమర్చుకొందురు. ఆ దూరమున రెండు తుపాకులును సమానమే. చిక్కు వచ్చునది దూరమును పొరబడినపుడు. కుందేలు తాను ఎన్ని మీటర్లలో నున్నదో చెప్పి కూర్చుండదు. సాయంకాలపు మసక వెలుతురులో, పచ్చికబయలు నడుమ, 35 మీటర్లను 30 అని భ్రమించుట అనుభవజ్ఞులకు సైతము తప్పదు. గొట్టమునకు నాలుగున్నర సెంటీమీటర్లపైన దుర్భిణి అమర్చిన తుపాకిలో, ఈ అయిదు మీటర్ల పొరపాటునకు నాలుగున్నర గుండు సుమారు ఒక సెంటీమీటరు క్రిందికి తగులును. అయిదున్నర గుండు రెండు సెంటీమీటర్లకు పైగా క్రిందికి తగులును.

ఒక సెంటీమీటరు భేద మెంతటిదని తీసివేయరాదు. కుందేలును బాధ లేకుండ చంపుటకు గుండు కంటికిని చెవి మొదలునకును నడుమ, మెదడున్న చోటనే తగులవలయును. ఆ చోటు అంగుళము వెడల్పు గల వృత్తమని వేటగాండ్రు లెక్కించుకొందురు. నడుమ గుఱిపెట్టినవానికి ఎటుచూచినను అరంగుళము, అనగా సెంటీమీటరుంబావు మాత్రమే అవకాశము. పై లెక్కలో నాలుగున్నర గుండు వృత్తములోననే నిలిచినది. అయిదున్నర గుండు వృత్తము దాటి దవడను తాకినది. తక్షణమరణమునకును దీర్ఘయాతనకును నడుమ నున్న దూరము అంతియే.

ఇక అయిదున్నర పక్షమున చెప్పవలసిన దానిని చెప్పక విడుచుట న్యాయము కాదు. దాని వ్యాసము ఒక్క మిల్లీమీటరే యెక్కువయైనను, రంధ్రపు వైశాల్యము ఇంచుమించు ఒకటిన్నర రెట్లగును. బరువైన గుండు తన వేగమును నిలుపుకొనుటలో కొంత మేలు. తగిలినచోట నెమ్మదిగా దూరి, శక్తిని దేహమునందే విడుచును. సన్నని వేగపు గుండు ఒక్కొకప్పుడు చిన్న ప్రాణిని దూసికొని ఆవలికి పోవును. కొట్టపు గోడలకడ ఎలుకలను కొట్టువారికి ఇది గమనింపదగిన విషయము. చలికి కొంకర్లు పోయిన వ్రేళ్లకు పెద్ద పెల్లెట్టు సులభముగా పట్టుబడును. చిన్నదానికి సీసము తక్కువ పట్టును గనుక సామాన్యముగా వెల తక్కువ.

అయినను ఈ ఒకటిన్నర రెట్ల రంధ్రమును చూచి మురిసిపోరాదు. చోటు తప్పి తగిలిన గుండు నాలుగున్నరయైనను గాయమే చేయును, అయిదున్నరయైనను గాయమే చేయును. ఒక మిల్లీమీటరు వెడల్పు గుఱి తప్పిన దోషమును కప్పజాలదు.

ఇంగ్లండు వేటగాండ్రలో ఒక పాతమాట కలదు: ఈకలకు నాలుగున్నర, బొచ్చునకు అయిదున్నర యని. పక్షులకు చిన్నది, జంతువులకు పెద్దది యని దాని తాత్పర్యము. దానిని బలాబలములను గూర్చిన సూత్రముగా కొందరు తలంతురు. నా బుద్ధికి దోచినంతవరకు అందలి సత్యము దూరమును గూర్చినది. ఎత్తైన కొమ్మపై వ్రాలిన పావురమెంత దూరమున నున్నదో నేలనుండి నిర్ణయించుట కష్టము. కావున సూటిగా పోవు గుండు మేలు. కుందేలు కడకు కంచె చాటున ప్రాకి, ఇరువది మీటర్లలోనికి చేరవచ్చును. కొట్టములోని ఎలుక పదిపదునైదు మీటర్లలోనే యుండును. అంత దగ్గర జారుడు భేదము స్వల్పము. బరువైన గుండు తన గుణమును చూపగలదు.

దీనినిబట్టి నిర్ణయము తేలుచున్నది. దూరమును కంటితో ఊహింపవలసినవాడు నాలుగున్నర నెన్నుకొనుట మేలు. దూరమును నిశ్చయముగా నెఱిగినవాడు అయిదున్నర నెన్నుకొనవచ్చును. తాను కూర్చుండు చోటినుండి కంచె గుంజవరకు, చెట్టువరకు, బొరియ మూతివరకు ముందే అడుగులతో కొలిచి యుంచుకొనువాడును, లేజరు కిరణముతో దూరమును తెలుపు పరికరమును వాడువాడును ఈ రెండవ తెగలోనివారు.

5 మిల్లీమీటర్ల కొలత యొకటి నడిమి మార్గముగా నున్నది. 6.35 మిల్లీమీటర్ల కొలతయు కలదు. దాని గుండు ఒకటిన్నర గ్రాముల పైచిలుకు తూగును గనుక, 12 అడుగు-పౌనుల హద్దులో మిక్కిలి మెల్లగా పోయి మిక్కిలి జారును. హద్దు మించిన బలము గల, సర్టిఫికెటు పొందిన తుపాకులకే అది బాగుగా నొప్పును.

కొలత యెంత ముఖ్యమో తుపాకి తీరును అంత ముఖ్యము. స్ప్రింగు తుపాకిలో ట్రిగ్గరు నొక్కగానే స్ప్రింగు విడివడి పిస్టనును ముందుకు త్రోయును. గుండు గొట్టము దాటకముందే తుపాకి అదరును. దానిని బిగబట్టక, ప్రతిసారి ఒకే తీరుగా పట్టుట సాధనచేత గాని రాదు. ముందే గాలి నింపిన సిలిండరు గల తుపాకి అంతగా అదరదు. క్రొత్తవానికి అది సులభము, కాని వెల హెచ్చు.

కొనువారు చేయదగిన పరీక్ష యొకటి చెప్పెదను. కాగితముపై అంగుళము వెడల్పు గల వృత్తమును గీసి, వెనుక మన్నుకట్ట గల సురక్షితమైన చోట నిలుపుడు. వేటలో కూర్చుండునట్లే కూర్చుండి, 15 మీటర్లనుండి పది గుండ్లు కాల్చుడు. పదియు వృత్తములో పడినచో 20 మీటర్లకు, పిమ్మట 25 మీటర్లకు జరుగుడు. పదింటిలో ఒక్కటి తప్పినను వెనుకటి దూరమే మీ హద్దు. రెండు కొలతలతోను ఇట్లు చేసి, ఏది మీచేతికి ఎక్కువ దూరము లొంగినదో దానిని గ్రహింపుడు. పదింటిలో తొమ్మిది పడినవి గదా యని సంతోషించువాడు బడిపరీక్షలో నెగ్గవచ్చును. ఇచ్చట ఆ పదియవ గుండు ఒక ప్రాణి దేహములో నుండును.

దశరథుని కథ మన మెఱుగనిది కాదు. ఆయన ధనుర్విద్యలో లోపము లేదు, బాణమున లోపము లేదు, శబ్దవేధి గుఱియు తప్పలేదు. కన్నులార చూడక, నీటి చప్పుడును ఏనుగు చప్పుడని ఊహించి విడిచిన బాణము ముని కుమారుని ప్రాణమును గొన్నది. ఆయుధమెంత మంచిదైనను, ఊహపై విడువరాదను పాఠమునకు ఇంతకంటె నిదర్శనము వలదు. ప్రాణిని స్పష్టముగా గుర్తించి, దాని వెనుక మనిషిగాని, ఇల్లుగాని, బాటగాని లేదని చూచుకొని, దూరము నెఱిగిన పిమ్మటనే వ్రేలు ట్రిగ్గరుపై పడవలయును. ఈ మూడింటిలో ఏ ఒక్కటి సందేహాస్పదమైనను తుపాకి దించుటయే విద్య. ఇంగ్లండులో 18 ఏండ్లు నిండనివాడు గాలితుపాకిని కొనరాదు. పరుల నేలలో అనుమతి లేక కాల్చరాదు. పిల్లల చేతికి చిక్కకుండ దానిని భద్రపరచుట యజమాని విధి.

వేట నిషిద్ధమైన మన సీమలో ఈ విద్యకు తావు లేదా యందురా? నిక్షేపముగా కలదు. పది మీటర్ల గుఱిపందెములలో వాడు రైఫిలు నాలుగున్నరయే. అందు పది మార్కుల చుక్క వ్యాసము అర మిల్లీమీటరు మాత్రమే. ఈ పందెమున 2008లో బీజింగులో అభినవ్ బింద్రా స్వర్ణపతకమును, 2012లో లండనులో మన హైదరాబాదునందు పెరిగిన గగన్ నారంగ్ కాంస్యపతకమును గెలిచిరి. చేతిని, కంటిని, ఊపిరిని అదుపులో నుంచుకొనుట యందు రక్తపాతము లేని సాధన యది. వేటకు పోవువాడును మొదట ఆ బడిలోననే కూర్చుండవలయును.

గొట్టపు కొలత అంగడిలో దొరకును. దూరము నెఱుగు కన్ను, సందేహము కలిగినపుడు వెనుదీయు మనస్సు, ఇవి అంగడిలో దొరకవు. ఈ రెండును గలవాడు నాలుగున్నరతోనైనను, అయిదున్నరతోనైనను ప్రాణిని బాధపెట్టడు. ఇవి లేనివానికి ఏ కొలతయు తగదు.